బ్రేకు పట్టు విద్య

మోటారు సైకిలు పందెమనగానే మా మదనపల్లె పెద్దలకు ముందుగా స్ఫురించునది మార్చిన సైలెన్సరు మ్రోతయు, బజారునడుమ ఒంటిచక్రముపై బండిని లేపు కుర్రవాని దుందుడుకుతనమును; ఆ కారణముచేత ఈ విద్యను గూర్చి నలుగురిలో మాట యెత్తుటకే నావంటి అభిమానికి ఎంతో ఓపిక కావలసివచ్చుచున్నది. అయినను చెప్పితీరవలయును. గంటకు 300 కిలోమీటర్లు మించిన వేగమున పోవుట ఇందులో మిక్కిలి అల్పమైన భాగము. యంత్రమును కొనగల ధనమును, యాక్సిలరేటరును త్రిప్పగల మణికట్టును గల యెవనికైనను తిన్నని బాటపై ఆ వేగము లభించును. ఆ వేగమును ఎచ్చట, ఎంత, ఏ క్రమమున విడువవలయునో ఎఱిగినవాడే రేసరు. నేను ఇన్నేండ్లుగా ఆరాధించుచున్నది ఆ విడుచుటయందలి నేర్పునే.

ఈ విద్యకు ప్రథమపాఠము ముందుచక్రపు బ్రేకు. ఊరిలో బండి నేర్పువారు పిల్లలకు దానిని ముట్టవద్దనియు, కాలితో వెనుక బ్రేకునే తొక్కుమనియు బోధింతురు. పందెపుబాటపై నిలుపుశక్తి దాదాపుగా అంతయు ముందుచక్రమునందే యున్నది. మహావేగమున వచ్చు బండికి బ్రేకు పట్టినంతనే భారమంతయు ముందునకు త్రోసికొనివచ్చి, ఫోర్కులు కుంగి, ముందు టైరు నేలకు గట్టిగా అదుముకొనును. వెనుకచక్రము తేలికపడి కొన్నివేళల గాలిలోనికి లేచును. ఆ ఒత్తిడిని రెండు వ్రేళ్లతో మొదట సుకుమారముగా పుట్టించి, అరక్షణములో సంపూర్ణముగా పెంచి, బండి ప్రక్కకు వంగుచున్నకొలదియు వ్రేళ్లను రవంత రవంతగా సడలించుచు మలుపు నడిబొడ్డు వఱకు ఆ బ్రేకును కొనిపోవుటను ట్రెయిల్ బ్రేకింగ్ అందురు. టైరునకు గల పట్టు ఒక్కటే. ఆగుటకు ఎంత ఖర్చుచేసితిమో తిరుగుటకు అంత తక్కువ మిగులును. ఈ పంపకమున అత్యాశకు పోయినవాడు నేలపాలగును, అతిజాగ్రత్త పడినవాడు పదవస్థానమున తేలును.

వంగుటయందును ఇంతటి శాస్త్రమే కలదు. కుడికి తిరుగదలచిన రేసరు కుడి హ్యాండిలును ముందునకు నెట్టును. బండి తనంత తాను కుడికి ఒరగును. వెలుపలి తొడతో ట్యాంకును కఱచిపట్టి, లోపలి మోకాలిని నేలకు తాకించుచు, ఈ తరమువారైనచో మోచేతిని సైతము రాచుచు, దేహమును సీటునుండి ప్రక్కకు జార్చుట చూపఱుల మెప్పుకొఱకని అనేకులు తలంతురు. మనిషి భారము లోపలికి దిగినకొలదియు బండి వంగవలసిన అవసరము తగ్గి, టైరు అంచున పట్టు కొంత అధికముగా చిక్కును. బండి 60 డిగ్రీలు మించి ఒరిగిన ఆ క్షణమున నేలను అంటియుండు రబ్బరు అరచేయంత. ప్రాణము, కీర్తి, కోట్ల రూపాయల యంత్రము ఆ అరచేయంత చోటుపై నిలిచియుండును.

2023 సెప్టెంబరు 24వ తేదీ ఆదివారమున గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ అంతర్జాతీయ సర్క్యూట్‌లో మన దేశపు మొట్టమొదటి మోటోజీపీ పందెము జరిగినది. ఆ యంత్రములు అంగళ్లలో అమ్ము సూపర్‌బైకులు కావు, పందెమునకై ప్రత్యేకముగా పుట్టించినవి. అయినను దేశమందలి సూపర్‌బైకు అభిమానులందఱును తమ యింటి పెండ్లియని భావించి తరలివచ్చిరి, వారిలో నేనును ఒకడను. నేను రోసి పక్షమువాడను. ఆ మాట దాచను. తొమ్మిది ప్రపంచ బిరుదములు గడించి 2021 చివర పందెములు మానిన వాలెంటినో రోసి, తన స్వగ్రామమైన తవూలియాలో బాలురకు ఈ విద్య గఱపుచుండగా, ఆ శిష్యులలో నలుగురు, అనగా మార్కో బెజ్జెక్కి, ఫ్రాన్‌చెస్కో బన్యాయా, రోసి తమ్ముడైన లూకా మరీని, ఫ్రాంకో మోర్బిదెల్లి, ఆ వారము మన గడ్డపై బరిలో నిలిచిరి. శనివారపు స్ప్రింటు పందెమున మొదటి మలుపులోనే మరీని తన జట్టువాడైన బెజ్జెక్కినే గ్రుద్ది, తన కాలరుబోను ఎముకను విఱుగగొట్టుకొనెను. ప్రథమస్థానమునుండి బయలుదేరిన బెజ్జెక్కి అందఱి వెనుకకును పడిపోయి, పదునొకండు ల్యాపులలో ఒక్కొక్కరినే దాటుచు అయిదవవాడుగా వచ్చెను. గెలిచినది హోర్హే మార్టిన్. అయినను ఆ సాయంకాలము గ్యాలరీలలో జనులు చెప్పుకొనినది బెజ్జెక్కినే.

ఆదివారమునాటి ఎండయు ఉక్కయు చెప్పనలవికానివి. రేసర్లు తాళజాలరని 24 ల్యాపుల పందెమును ముందే 21కి కుదించిరి. కిలోమీటరు దాటిన తిన్నని బాట ముగిసి నాలుగవ మలుపు మొదలగుచోటికి ఎదురుగా నేను కూర్చుంటిని. బెజ్జెక్కి ఆరంభములోనే మార్టిన్‌ను దాటి ముందునకు పోయెను. ఆపైన అతని బ్రేకు పట్టు తావు ప్రతి ల్యాపునను అదియే, వంగు కోణము అదియే, తారుపై టైరు నడచు గీత అదియే. రాగమును ఎంత దూరము విహరింపజేసి వచ్చినను సమముపై పొల్లుపోక వ్రాలు విద్వాంసుని తలపించెను. అతడు నడపినది అంతకుముందటి యేటి డుకాటి. బన్యాయాకును, మార్టిన్‌కును చేతికిచ్చినది ఆ యేటి సరిక్రొత్త డుకాటి. పాత బండితో ఎనిమిదిన్నర సెకండ్లు మించిన ఎడముతో గెలిచిన మనిషిని గూర్చి ఇంకను యంత్రమే గెలిపించినదని పలుకువారితో నాకు వాదము లేదు.

వెనుక జరిగినది వేఱొక నాటకము. మూడవస్థానమునకై పెనుగులాడుచున్న మార్క్ మార్కెజ్ పడి, లేచి, బండిని నిలబెట్టుకొని తొమ్మిదవవాడుగా వచ్చెను. జగజ్జేతయైన బన్యాయా మార్టిన్‌ను దాటి రెండవస్థానము గైకొనిన కొలదిసేపటికే, 14వ ల్యాపున, ముందుచక్రము జారి కంకరలోనికి కొట్టుకొనిపోయెను. ఇంతకుమున్ను నేను చెప్పిన ఆ పంపకమున వెండ్రుకవాసి తప్పినందులకు ఫలమది. చాంపియన్‌షిప్‌లో అతనికిని మార్టిన్‌కును నడుమ ఎడము ఆ సాయంకాలమునకు 13 పాయింట్లకు దిగిపోయినది. ఇక మార్టిన్ స్థితి చూడవలసినది. ఒంటిలోని నీరంతయు ఇంకిపోయి, తోలు సూటు జిప్పు తెఱచుకొనగా దానిని మూసికొనుచు, తల ఎత్తి గాలి పీల్చుచు, చివరి ల్యాపులో ఫాబియో క్వార్తరారో తన్ను దాటిపోగా, ఆ ల్యాపు ముగియకమునుపే తిరిగి దాటి రెండవస్థానమును దక్కించుకొనెను. పందెము ముగిసిన పిమ్మట నిలువజాలక కూలబడిన ఆ యువకుని చూచి, ఎదిరి పక్షమువాడనైన నేనును లేచి చప్పట్లు కొట్టితిని.

సూపర్‌బైకు ప్రపంచ చాంపియన్‌షిప్ సంగతికి వత్తము. అది 1988లో మొదలైనది. అంతకు పూర్వమే అమెరికాలో ఈ తరగతి పందెములుండెనని చెప్పుదురు. అంగడిలో అమ్ము బండినే పందెమునకు సిద్ధపఱచవలయుననునది దాని మూలనియమము. లోపలి లోహముల సంగతి నాకంటె మెకానిక్కులు చక్కగా చెప్పగలరు. డుకాటిపై నాలుగు బిరుదములు గెలిచిన కార్ల్ ఫోగార్టీ, కవాసాకిపై 2015 మొదలు 2020 వఱకు వరుసగా ఆఱేండ్లు ఏలిన జొనాథన్ రే, వీరి పేరు చెప్పినంతనే నాకు ఒడలు పులకించును. కాని ఆ చరిత్రలో ఒక్క దినమును ఏఱుకొనుమన్నచో 2002 సెప్టెంబరు 29వ తేదీనే ఏఱుకొందును. ఆ యేడు డుకాటిపైనున్న ట్రాయ్ బేలిస్ మొదటి ఆఱు పందెములును గెలిచి, హోండాపైనున్న కాలిన్ ఎడ్వర్డ్స్‌ను నడిమధ్యకు 58 పాయింట్లు వెనుకకు నెట్టియుండెను. ఎడ్వర్డ్స్ అధైర్యపడక ఒక్కొక్క పందెముగా గెలుచుచు వచ్చి, కడపటి పోటీయైన ఇమోలాకు ఒకే ఒక్క పాయింటు ఆధిక్యముతో చేరుకొనెను. డుకాటి పుట్టినిల్లగు బొలోన్యా అచ్చటికి కూతవేటు దూరము. జనమంతయు బేలిస్ పక్షము. అట్టిచోట ఆ దినమందలి రెండు పందెములును ఎడ్వర్డ్స్‌వే, రెంటను రెండవవాడు బేలిస్; రెండవ పందెమున వారిరువురును మలుపు మలుపునను ఒకరినొకరు దాటికొనిన తీరు చూచినగాని నమ్మరాదు. వరుసగా తొమ్మిది విజయములతో, 552కు 541 పాయింట్లతో, బిరుదము ఎడ్వర్డ్స్‌కు దక్కినది. ఓడిన బేలిస్ తక్కువవాడు కాడు: 2006లో సూపర్‌బైకు బిరుదము గెలిచి, గాయపడినవానికి బదులుగా వాలెన్సియాలోని మోటోజీపీ పందెమునకు వచ్చి, అదియు గెలిచి పోయెను. అదే పందెమున నా రోసి క్రిందపడి ప్రపంచ బిరుదమును పోగొట్టుకొనెను. అయినను బేలిస్ గెలుపు గెలుపే.

ఈ తరమున తోప్రాక్ రాజ్‌గత్లిఓలు బ్రేకు పట్టుటలో సాటిలేనివాడు. వెనుకచక్రము గాలిలో నుండగనే బండిని మలుపులోనికి దింపు అతని సాహసము చూచి తోడి రేసర్లే విస్తుపోవుదురు. 2024లో బీఎమ్‌డబ్ల్యూపై వరుసగా 13 పందెములు గెలిచి బిరుదము నొందెను. ఆ బీఎమ్‌డబ్ల్యూవారి చిన్న బండ్లు తయారగునది మన కుప్పమునకు ఆవల, తెలుగువారు విస్తారముగా నివసించు హోసూరులో, టీవీఎస్ కర్మాగారమునందు. ఆ టీవీఎస్ పందెపు విభాగము 1982 నాటిది; 1907లో మొదటి ఐల్ ఆఫ్ మ్యాన్ టీటీయందు రెండు సిలిండర్ల తరగతిని గెలిచిన నార్టన్ బండ్ల పేరును 2020లో కొన్నది వారే. ఇంతటి సంపద మన గడప ముందే యున్నది.

ఇక మన బిడ్డల స్థితి తలచికొనినచో కడుపు తరుగుకొనిపోవును. నూఱు సీసీల బండికి సూపర్‌బైకు స్టిక్కర్లు అంటించి, ఇంజను నడుచుచుండగా తాళమును ఆపి తెఱచుచు తుపాకి ప్రేలినట్టి శబ్దములు పుట్టించి, హెల్మెట్టు లేక, కాళ్లకు చెప్పులతో, హార్సిలీ కొండల ఘాటుబాటలో ఎదుటినుండి బస్సు వచ్చు గ్రుడ్డి మలుపులయందు మోకాలు వంచి, అదంతయు ఫోనులో రీలుగా పట్టించుకొని, దానినే రేసింగని పిలుచుకొనుచున్నారు. అది ఈ విద్యకు నకలు కూడ కాదు, ఈ విద్యకు శత్రువు. కంకరపఱపు, టైర్ల గోడ, జెండాలు చూపు మార్షళ్లు, చెంతనే అంబులెన్సు, ఎదురు వాహనములు రాని బాట, వీనిలో ఒక్కటియు లేనిచోట పడినవానికి రెండవ అవకాశము లేదు. పోలీసులు సైలెన్సర్లను రోడ్డురోలరు క్రింద నలుగగొట్టించుచున్నారు, మంచిదే. కాని ఆ కుఱ్ఱవానికి పోదగిన చోటును చూపినవారు ఎవరు?

పుంగనూరులో ఒక షెడ్డున వృద్ధుడగు మెకానిక్కు పని చూచు భాగ్యము నాకు కలిగినది. 1996లో తయారీ నిలిచిన యమహా ఆర్‌ఎక్స్ 100 బండిని కొంతదూరము బిగువుగా నడపి, ఇంజనును ఉన్నపళమున ఆపి, స్పార్కు ప్లగ్గును విప్పి దాని మొనను ఎండలో చూచెను. తెల్లబడినచో పెట్రోలు చాలదు, నల్లబడినచో అధికమైనది, లేత గోధుమవన్నె వచ్చువఱకు కార్బురేటరు జెట్లను మార్చుచుండవలయును. ఆ వన్నె కుదిరిన పిమ్మట అతడు బండిని మరల స్టార్టుచేసి, కన్నులు మూసికొని దాని ధ్వనిని వినుచున్నపుడు ఆ ముఖమున వెలసిన తృప్తి, ఏ ఇటలీ పందెపు గ్యారేజీలోనిదానికిని తీసిపోదు. ఇప్పుడు ఆ షెడ్డునకు వచ్చు యువకులు ట్యూనింగు కోరుట లేదట. శబ్దము పెంచుమని మాత్రము కోరుచున్నారట. ఆ చేతులలోని జ్ఞానము నేర్చుకొను శిష్యుడు లేకుండ పోవుచున్నాడు.

పెద్ద పందెములు మన దేశమునకు వచ్చినట్లే వచ్చి తరలిపోవుచున్నవి. 2013లో బుద్ధ్ సర్క్యూట్‌లో జరుగవలసిన సూపర్‌బైకు పందెము జరుగనేలేదు. 2023 నాటి మోటోజీపీ మఱుసటి యేడు తిరిగి రాలేదు. అదే 2023 ఫిబ్రవరిలో హుసేన్‌సాగరు తీరమున జరిగిన ఫార్ములా ఈ కార్ల పందెమునకును అదియే గతి పట్టినది. కోట్లు క్రుమ్మరించి ఒక్క వారము ఉత్సవము జరిపి మఱచిపోవుట మనకు అలవాటైనది. తమిళులు అట్లు చేయలేదు. యుద్ధకాలపు షోలవరము విమానతలముపై ఏండ్ల తరబడి పందెములు నడపి, 1990 నాటికి శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో మద్రాసు మోటారు స్పోర్ట్స్ క్లబ్బువారు సొంత ట్రాకు కట్టుకొనిరి. నేడు దేశమున పేరొందిన రేసర్లలో ఎందఱో ఆ బాటపై ఓనమాలు దిద్దినవారే.

మనకు అంతటిది అక్కఱలేదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పముల నడుమ పైరు పండని రాతినేలలకు కొఱత లేదు. రెండు కిలోమీటర్ల తారుబాట, చుట్టును వెడల్పైన కంకరపఱపు, అద్దెకు తోలు సూట్లు, శని ఆదివారములయందు కళాశాల విద్యార్థులకు బ్రేకు పట్టుట నేర్పు ఒక గురువు, చాలును. ప్రభుత్వము స్థలమిచ్చి, హోసూరు కర్మాగారములవారు బండ్లిచ్చినచో మిగిలినది మావంటి అభిమానులము చందాలు పోగుచేసియైనను నడిపింతుము. ఆ ట్రాకు ఏ యూరిలో ఉండవలయునని అడిగినచో, మద్రాసు-బెంగుళూరు రైలుమార్గము, హోసూరు సామీప్యము, బెంగుళూరునుండి రాదగిన రేసర్లు, వీనిని తలచి, మదనపల్లెవాడనై యుండియు నేను కుప్పమునకే ఓటు వేయుదును.