శత్రువునకుఁ జోటిచ్చిన కథ

జపాను చిత్రకథకుఁడు సుజుకి నకబా 2012 మొదలు 2020 వఱకు వారపత్రికలో వెలువరించిన 'ఏడు మహాపాపములు' 41 సంపుటముల గ్రంథము. రాజద్రోహాపవాదము మోసిన యేడ్గురు నైటు యోధుల కథ. పోరులు మిక్కుటము. యోధుల బలమును అంకెలతోఁ దూఁచు పద్ధతి మాత్రము మాకు రుచింపలేదు. రణరంగము అంగడిపద్దు గాదు గదా!

గలాండు పోరు చూడుఁడు. తన యెదుట బొంకినవానిని శిలగా మార్చు నీ రాక్షసుఁడు ఎస్కనోరును దానే పందెమునకుఁ బిలిచి, భయమునఁ బాఱి, మాట తప్పినందునఁ దానే శిలయయ్యెను. ఇచట నంకెలతోఁ బనిలేదు.

అంతకంటె మేలైనది గ్లాక్సీనియా ఘట్టము. వనదేవతల తొలిరాజగు నితఁడు, మానవులు తన చెల్లెలిని జంపిరని నమ్మి రాక్షసపక్షముఁ జేరెను. 3000 ఏండ్లు గడచినపిదప, కింగును గూల్పక, పూర్వకాలమునకుఁ బంపి తన దేహముననే నిలిపెను: నా చోట నీవేమి చేయుదువు? ఇట్లడిగిన శత్రువును ద్వేషించు టెట్లు? చెల్లెలు బ్రతికియే యున్నదని తెలిసినపుడు అన్నియేండ్ల పగయు నిష్కారణమయ్యెను. శత్రువులందఱు నొక్కపోత రాక్షసులని నేర్పు కథలు మన పిల్లలకుఁ జాలినన్ని కలవు, ఇది వేఱు.

పిమ్మట నతఁడు మిత్రులను దప్పించుటకై ప్రాణము లర్పించెను. రాక్షసపక్షముచేఁ జచ్చినవారి యిండ్లవారు దానితో ఋణము తీఱెనని యెంచిరో లేదో, కథకుఁడు మఱికొన్ని పుటలు వెచ్చించి చెప్పినచో బాగుండెడిది.