మూర్ఖులు కారు, శిష్యులు

పరమానందయ్య శిష్యులను మనం తేలిగ్గా మూర్ఖుల జాబితాలో వేసేస్తాం. సూది తెమ్మంటే తాటిదుంగకు గుచ్చి పన్నెండుమందీ మోసుకొచ్చారు. అక్కడ లోపించింది తెలివే గాని శ్రద్ధ కాదు. గురుసేవలో అందరికీ వాటా ఉండాలన్నదే వాళ్ల తాపత్రయం.

18వ శతాబ్దంలో బెస్కీ తమిళంలో రాసిన పరమార్థ గురువు కథలో శిష్యులు ఐదుగురు, గురువూ అమాయకుడే. అందుకే ఆ నవ్వు గురుపీఠానికీ తగులుతుంది. మన పరమానందయ్య తెలిసినవాడు. 1966 నాటి సినిమాలో నాగయ్య ఆ పాత్రను ఎంత నిదానంగా పోషించారో! అన్నీ తెలిసీ ఆయన శిష్యులను వెళ్లగొట్టడు.

ఇక్కడ ఖతార్‌లో మన పిల్లలకు ఈ కథలు చెప్పి నవ్వించి ఊరుకుంటే సగమే చెప్పినట్టు. తెలివి తక్కువవాడికీ ఇంట్లో చోటుందన్నది మిగతా సగం.