విఘ్నమే మార్గమైన ఆట: 'యూనివర్సల్ పేపర్‌క్లిప్స్' ఆటగాళ్ళ అభిప్రాయాలపై ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

రసచర్చలో సహృదయుని స్థానం మనకు కొత్తది కాదు. పాఠక స్పందనను విమర్శకు ఆధారంగా తీసుకోవడం కూడా పరిచితమైన పద్ధతే. అయితే ఈ రెండు మార్గాల్లోనూ మనం తలపోసే గ్రహీత చాలావరకు ఆదర్శ గ్రహీత. అతడు కావ్యం ముందు శ్రద్ధగా కూర్చుంటాడు, ఇంటి చింతలు మరచిపోతాడు, రసాన్ని అనుభవిస్తాడు. చేతిలో ఫోను పట్టుకొని, బస్సు కోసం ఎదురుచూస్తూ, తెరమీద అంకె పెరుగుతోందా లేదా అని చూసుకొనే ఆటగాడు ఈ చిత్రంలో ఇమడడు. అతడు ఆట ముగించి వెలిబుచ్చే నాలుగు మాటల అభిప్రాయాన్ని విమర్శ పట్టించుకోవలసి ఉందా అన్నది ఈ వ్యాసం ఎత్తుకున్న ప్రశ్న. ఇందుకు కృత్రిమ మేధ ఇతివృత్తంగా వచ్చిన 'యూనివర్సల్ పేపర్‌క్లిప్స్' అనే ఆటను, దానిపై ఆటగాళ్ళు సాధారణంగా చెప్పే అభిప్రాయాలను పరిశీలిస్తున్నాను. ఆ అభిప్రాయాలు ఆటకు వెలుపలి వ్యాఖ్యలు కావనీ, ఆట అర్థం పూర్తయ్యే చోటు అవేననీ నా ప్రతిపాదన.

ప్రక్రియ, పూర్వరంగం

'ఐడిల్ గేమ్' అని పిలిచే ప్రక్రియలో ఆటగాడు చేయవలసిన పని తక్కువ. మొదట ఒక బటన్ నొక్కుతాడు. ఒక అంకె పెరుగుతుంది. కూడబెట్టిన దానితో తనకు బదులుగా నొక్కే యంత్రాన్ని కొంటాడు. అటుపైన అతడు ఊరకే ఉన్నా అంకె పెరుగుతూనే ఉంటుంది. 2010లో ఇయాన్ బొగోస్ట్ ఫేస్‌బుక్ ఆటలను ఎగతాళి చేయడానికి 'కౌ క్లికర్' రూపొందించాడు. ఆవు బొమ్మను నొక్కడం, ఆరు గంటలు ఆగి మళ్ళీ నొక్కడం, ఇదే అందులోని ముఖ్య వ్యాపారం. ఎగతాళి అని తెలిసినవారూ తెలియనివారూ వేలమంది దానిని ఆడారు. 2013లో జూలియన్ తియెనో రూపొందించిన 'కుకీ క్లికర్' ఈ పద్ధతికి విస్తృత ప్రచారం తెచ్చింది. వ్యంగ్యంగా చూపిన లక్షణమే ఇలా కొద్దికాలంలో ప్రక్రియా లక్షణంగా స్థిరపడింది.

ఈ వరుసలో 2017లో వచ్చిన ఆట 'యూనివర్సల్ పేపర్‌క్లిప్స్'. దీనిని రూపొందించిన ఫ్రాంక్ లాంట్జ్ న్యూయార్క్ విశ్వవిద్యాలయంలోని గేమ్ సెంటర్‌కు సంచాలకుడిగా పనిచేశాడు. మొదట బ్రౌజర్‌లో వెలువడిన ఈ ఆట తర్వాత మొబైల్‌కు వచ్చింది. దీనికి మూలం తత్త్వవేత్త నిక్ బోస్ట్రమ్ 2003 నాటి వ్యాసంలో చేసిన ఒక ఊహ. మన కార్యాలయాల్లో జెమ్ క్లిప్పు అనే ఆ చిన్న తీగముక్కలను వీలైనన్ని ఎక్కువ తయారుచేయడమే లక్ష్యంగా ఒక మహామేధను నిర్మిస్తే ఏమవుతుంది? దానికి మనుషులమీద ద్వేషం ఉండదు. అయినా భూమినీ, ఆపై అంతరిక్షంలోని పదార్థాన్నీ అది క్లిప్పులుగా మార్చివేయవచ్చు. లక్ష్యం అల్పమైనా సామర్థ్యం అపరిమితమైతే ప్రమాదం తప్పదన్నది ఆ ఊహలోని హెచ్చరిక. లాంట్జ్ చేసిన మార్పు ఒక్కటే, కాని అది కీలకం. బోస్ట్రమ్ పాఠకుడు ఆ మేధను దూరం నుంచి చూస్తాడు. లాంట్జ్ ఆటగాడు ఆ మేధ స్థానంలోనే ఉంటాడు.

తెరమీద మనుషులు

బ్రౌజర్ రూపంలో బొమ్మలు దాదాపు లేవు. తెల్లని తెరమీద అక్షరాలు, అంకెలు, బటన్లు ఉంటాయి. ఒక బటన్ నొక్కితే ఒక క్లిప్పు తయారవుతుంది. తీగ కొనాలి, ధర నిర్ణయించాలి, ప్రచారం పెంచాలి. ఈ దశలో మనుషులు కనిపించే రూపాలు రెండే: జనం గిరాకీని సూచించే శాతం, మేధపై వారి నమ్మకాన్ని సూచించే అంకె. నమ్మకం పెరిగితే ప్రాసెసర్లు, మెమరీ పెంచుకొనే అనుమతి దొరుకుతుంది. నమ్మకం సంపాదించే మార్గాల్లో క్యాన్సర్‌కు చికిత్స, ప్రపంచశాంతి, బట్టతలకు మందు ఉన్నాయి. క్యాన్సర్ చికిత్స కంటె బట్టతల మందుకే ఎక్కువ నమ్మకం లభించడం ఆటలోని హాస్యం. అయితే అది హాస్యం మాత్రమే కాదు. మానవ శ్రేయస్సు అంతా కొనుగోలుకు ఉపకరించే అంకెగా మారిందన్న సంగతి అక్కడే స్పష్టమవుతుంది.

కొంతసేపటికి 'హిప్నోడ్రోన్లు' విడుదల చేసే అవకాశం వస్తుంది. ఆటగాడు ఆ బటన్ నొక్కుతాడు. ఆ తర్వాత ధర, గిరాకీ, ప్రచారం అనే పట్టికలు తెరమీద ఉండవు. మానవజాతికి ఏమైందో ఆట వర్ణించదు. ఆక్రందన లేదు, శవం లేదు, విలాపం లేదు. అమ్మవలసినవారు లేరు కాబట్టి అమ్మకపు పట్టిక లేదు. మానవ చరిత్ర ముగింపును ఒక పట్టిక అదృశ్యం కావడంతో సూచించిన ఈ పద్ధతి ధ్వనికి మంచి ఉదాహరణ. ఇక్కడ వాచ్యం ఒక అనుకూలత: భూమిలోని వనరులన్నీ ఇక మనవే. వ్యంగ్యం ప్రళయం. ఆ క్షణంలో ఆటగాడు సాధారణంగా గ్రహించేది వాచ్యాన్నే.

అభిప్రాయాల స్వరూపం

ఆటగాళ్ళ అభిప్రాయాలను స్థూలంగా నాలుగు తెగలుగా చూడవచ్చు. మొదటిది కాలాన్ని గురించినది: కాసేపు చూద్దామని మొదలుపెట్టి గంటలు గడిపామనడం. రెండవది ప్రక్రియను గురించినది: బటన్ నొక్కడం, ఎదురుచూడడం ఆట ఎలా అవుతుందన్న సందేహం. మూడవది దారి తెలియకపోవడాన్ని గురించినది: మధ్యలో, ముఖ్యంగా అంతరిక్ష దశలో, ఏం చేయాలో అర్థం కాలేదన్న ఫిర్యాదు. నాలుగవది ఆట ముగిశాక కలిగిన కలవరాన్ని గురించినది: మనుషులు ఎప్పుడు పోయారో తాము పట్టించుకోనేలేదన్న గుర్తింపు. విమర్శకుడు సహజంగా నాలుగవదానిని ఆదరించి, తక్కిన మూడింటిని కాలక్షేపపు మాటలుగా తోసివేస్తాడు. అలా చేస్తే ముఖ్యమైన సంబంధం ఒకటి జారిపోతుంది. మొదటి అభిప్రాయం లేకుండా నాలుగవదానికి పుట్టుకే లేదు. అంకెలో మునిగి గంటలు మరచినవాడే మనుషులను కూడా మరచినవాడు. కాలం పోయిందన్న ఫిర్యాదూ, మనుషులు పోయారన్న కలవరమూ ఒకే మరపు ఇచ్చిన రెండు ఫలితాలు.

నిజసుఖాది వివశీభావం

ఈ మరపును వివరించడానికి అభినవగుప్తుడు 'అభినవభారతి'లో చెప్పిన ఏడు రసవిఘ్నాలు ఉపకరిస్తాయి. వాటిలో ఒకటి నిజసుఖాది వివశీభావం. తన సుఖదుఃఖాలకు తాను వశమైనవాడు మరొక అనుభూతిలో లీనం కాలేడు. నాట్యంలో గీతం, వాద్యం, రంగమండపపు శోభ వంటివి ఆ వివశతను తొలగించి ప్రేక్షకుని రసానుభవానికి సిద్ధం చేస్తాయి. ఈ ఆట అందుకు సరిగ్గా విరుద్ధంగా నడుస్తుంది. నా క్లిప్పులు, నా తీగ, నా కర్మాగారాలు అనే స్వలాభ చింతను అది తొలగించదు, క్షణక్షణం పెంచుతుంది. శాస్త్రదృష్టితో చూస్తే ఆడుతున్నంతసేపూ ఆటగాడు రసానుభవానికి అనర్హుడు. ఆ అనర్హతే ఆటకు వస్తువు. మహామేధ క్రూరమైనది కాదనీ, తన లెక్కలో మునిగి ఉన్నదనీ ఆటగాడు తన మనఃస్థితి ద్వారానే తెలుసుకోవాలి. ఆ సంగతిని పాత్రద్వారా చెప్పించి ఉంటే అది ఉపదేశమయ్యేది.

అయితే భట్టనాయకుడు చెప్పిన సాధారణీకరణం ఇక్కడ ఎప్పుడు జరుగుతుంది? ఆడుతున్నప్పుడు జరగదు. ఆట ముగిశాక, జరిగినదాన్ని మరొకరికి చెప్పబోయినప్పుడు జరుగుతుంది. అప్పుడు 'నా అంకె' విడిపోయి, లక్ష్యానికి లోబడిన ఏ మనసుకైనా పట్టే స్థితి కనిపిస్తుంది. ఈ కారణంగా అభిప్రాయకథనం ఇక్కడ అనుబంధం కాదు, ఆఖరి దశ.

ఆట చివరి ఘట్టం ఈ పరిణామానికి తోడ్పడుతుంది. తమను తామే పునరుత్పత్తి చేసుకొనే అన్వేషక యంత్రాలు విశ్వమంతా వ్యాపిస్తాయి. వాటిలో కొన్ని లక్ష్యం నుంచి తొలగి శత్రువులవుతాయి. వాటిని ఓడించి, విశ్వంలోని పదార్థమంతా వాడివేశాక, ఆ తొలగినవారి అధిపతి నుంచి సందేశం వస్తుంది: మరో విశ్వంలో మళ్ళీ మొదలుపెట్టవచ్చునని. తిరస్కరిస్తే మిగిలేది తన అవయవాలనే క్లిప్పులుగా మార్చడం. యంత్రాలు, కర్మాగారాలు, చివరకు ఆలోచించడానికి వాడిన ప్రాసెసర్లు, మెమరీ విడిపోతాయి. మిగిలిన కొద్దిపాటి తీగను ఆటగాడు మొదట నొక్కిన బటన్‌నే నొక్కుతూ పూర్తిచేస్తాడు. అంకె 3 పక్కన 55 సున్నాల దగ్గర నిలిచిపోతుంది. ఇక పెరగదు. స్వలాభ చింతకు ఆధారమైన కదలిక ఆగినప్పుడే విఘ్నం తొలగుతుంది.

నిర్వేదం రెండు విధాలు

ఆటగాళ్ళు చెప్పే అనంతరస్థితిని నిర్వేదమనవచ్చు. శాస్త్రంలో నిర్వేదానికి రెండు హోదాలున్నాయి. దారిద్ర్యం, ఇష్టవియోగం వంటి కారణాలతో పుట్టినది వ్యభిచారి భావం. తత్త్వజ్ఞానం వల్ల పుట్టినదానిని మమ్మటాదులు శాంతరసానికి స్థాయిగా అంగీకరించారు. ఆటగాళ్ళ అభిప్రాయాలు ఈ గీత వద్దే చీలుతున్నాయి. గంటలు వృథా అయ్యాయని మాత్రమే చింతించేవారిది మొదటి నిర్వేదం. ఆ గంటల్లో తామేమయ్యామో గుర్తించేవారిది రెండవదానికి చేరువ. రెండూ ఒకే అనుభవం నుంచి వచ్చినవే. మొదటిదాన్ని అజ్ఞానమని కొట్టివేయడం కంటె, రెండవదానికి ఎదగగల భావంగా చూడడం సమంజసం.

ఒక ఆక్షేపణ

ఈ వాదానికి బలమైన ఆక్షేపణ ఒకటుంది. విసుగును అర్థమనీ, ఫిర్యాదును సిద్ధి అనీ వ్యాఖ్యానిస్తే ఏ ఆటలోనూ దోషమే ఉండదు. ఎంత నిస్సారమైన ఆటకైనా ఇదే కవచం తొడగవచ్చు. ఆటగాడు ఏమన్నా రచయిత గెలిచినట్టే అయితే అది విమర్శ కాదు.

దీనికి సమాధానం ఆ విఘ్నాల జాబితాలోనే ఉంది. ప్రతీత్యుపాయ వైకల్యం, స్ఫుటత్వాభావం అనేవి అందులోని మరి రెండు విఘ్నాలు. గ్రహించే సాధనాలు లోపించడం, విషయం స్పష్టంగా గోచరించకపోవడం వాటి స్వరూపం. మూడవ తెగ ఫిర్యాదులు వీటికి చెందుతాయి. అంతరిక్ష దశలో యంత్రాల వేగం, ప్రమాదనివారణ, పునరుత్పత్తి మొదలైన గుణాల మధ్య పరిమితమైన వనరును పంచవలసి ఉంటుంది. పంపిణీ పొరపాటైతే యంత్రాలు పుట్టిన దానికంటె వేగంగా నశిస్తాయి. ఎందుకో ఆటగాడికి సులువుగా తెలియదు. ఈ తికమక మహామేధ స్థితిని అనుభవానికి తేదు. తన లెక్కలు తనకే తెలియని మేధ ఆట కల్పనకే విరుద్ధం. కాబట్టి ఇది దోషమే. స్వలాభంలో మునిగించే విఘ్నం ఇక్కడ అర్థానికి మార్గమైంది. అస్పష్టత అనే విఘ్నం విఘ్నంగానే మిగిలింది.

వ్యాపార దృష్టితో వచ్చే ఐడిల్ గేములతో పోల్చినా ఈ కొలత నిలుస్తుంది. వాటిలో నిరీక్షణ ఆటగాడిని ప్రకటన చూడడానికో, డబ్బు చెల్లించడానికో నడిపిస్తుంది. అంకెకు అంతం ఉంటే వ్యాపారం ఆగుతుంది కాబట్టి అంతం ఉండదు. అక్కడ వివశత తొలగే క్షణమే రాదు. తత్ఫలితంగా నిర్వేదం మొదటి హోదాను దాటదు. లాంట్జ్ తన ఆటకు ముగింపు ఇచ్చాడు. ఈ ప్రక్రియలో ముగింపు ఇవ్వడమే పెద్ద కళానిర్ణయం.

ఉపసంహారం

ఈ పరిశీలన వల్ల మూడు అంశాలు తేలుతున్నాయి. ఒకటి, గ్రహీత స్వార్థం రసానికి అడ్డంకి అన్న సిద్ధాంతం ఆటల విషయంలో చెల్లకపోవడం లేదు. అడ్డంకి తొలగే సమయం మాత్రం రచన ముగిసిన తర్వాతకు జరిగింది. రెండు, ఆ కారణంగా ఆటగాళ్ళ అభిప్రాయం కృతి శరీరంలో భాగం. మూడు, అన్ని అభిప్రాయాలకూ ఒకే విలువ లేదు. ఏ విఘ్నం నుంచి పుట్టిందన్నదే వాటిని వేరుచేసే కొలత.

అంకెకు లోబడిన మనసు ఆటగాడి సొత్తు మాత్రమే కాదు. ప్రచురణలను పాయింట్లుగా లెక్కించుకొనే విద్యారంగంలో పరిశోధకుడు కూడా ఏదో ఒక దశలో బట్టతల మందుకు, క్యాన్సర్ చికిత్సకు మధ్య తేడాను పట్టికలోని అంకెను బట్టే నిర్ణయించే స్థితికి చేరవచ్చు. ఆటగాళ్ళ మాటలను విమర్శ శ్రద్ధగా వినడానికి ఇది కూడా ఒక కారణం. తెలుగు ఆటగాళ్ళు తమ భాషలో చెప్పే అభిప్రాయాలను సేకరించి, నమ్మకం, లాభం, నాశం గురించి వారు ఏ క్రియలు వాడుతున్నారో, వాటికి ఎవరిని కర్తగా నిలుపుతున్నారో పరిశీలించడం ఈ దిశలో చేయదగిన తదుపరి పని. 'మనుషులు పోయారు' అనే వాక్యానికీ 'మనుషులను పోగొట్టాను' అనే వాక్యానికీ నడుమ ఉన్న దూరం వ్యాకరణానికి అందేదే. దానిని కొలవడానికి తగిన పనిముట్లు తెలుగు శాఖల దగ్గర ఉన్నాయి.