పేరు తెలియని పసుపు పొర

నైరుతి వేల్స్‌లోని మిల్ఫర్డ్ హేవెన్ నదీముఖంలో డైవింగ్‌కి వెళ్దామంటే మా క్లబ్బులో సగం మంది వెనకాడతారు. తూర్పు, పశ్చిమ క్లెద్దై నదులు కలిసి సముద్రంలోకి చేరే చోటు అది. నీళ్లు ఒండ్రుతో మసగ్గా ఉంటాయి. చాచిన చెయ్యి కూడా కనబడని రోజులున్నాయి. నాకు ఆ మసక నీళ్లే ఇష్టం. వెలుతురు లోపలికి దిగదు కాబట్టి కొద్ది మీటర్లకే నాచులు ఆగిపోతాయి. అక్కణ్నుంచి రాయంతా జంతువులదే. పెద్ద అలల తాకిడి ఉండదు. పోటుపాట్ల ప్రవాహం మాత్రం కదలలేని జీవుల దగ్గరికి తిండి తెచ్చిపెడుతూ ఉంటుంది.

జువాలజీ చదివినవాళ్లకి సైకాన్ అనే స్పంజిక, ఒబీలియా అనే హైడ్రాయిడ్ గుర్తుండే ఉంటాయి. రికార్డు పుస్తకంలో పెన్సిల్‌తో గీసి, భాగాలు గుర్తించి, సంతకం పెట్టించుకున్న బొమ్మలవి. వాటి బంధువులే ఇక్కడ రాళ్లని కప్పేసి ఉన్నాయి.

సీసెర్చ్ అనే స్వచ్ఛంద డైవర్ల సర్వే ఒకటుంది. చూసిన జీవుల వివరాలు వాళ్లకి రాసివ్వడం నా వ్యాపకం. ప్లాస్టిక్ పలక, దానికి దారంతో కట్టిన పెన్సిల్, ఒక టార్చి ఉంటే చాలు. ప్రవాహం నెమ్మదించే కాసేపట్లోనే పని ముగించాలి కాబట్టి రాయంతా తిరగను. జానెడు చోటు ఎంచుకుని, ఒండ్రు రేగకుండా కాళ్లు పైకి లేపి కదలకుండా తేలుతాను. మొదట అంతా మట్టిపూతలాగే ఉంటుంది. కాసేపటికి హైడ్రాయిడ్ కాడలు విడిగా తెలుస్తాయి. ఒక్కో రెమ్మ నిండా పాలిప్‌లు, వాటి చుట్టూ చాచిన టెంటకిల్స్. ఒక కాడ మొదట్లో డోటో అనే సముద్రపు స్లగ్, గోరులో నాలుగో వంతు ఉంటుందేమో, తను తినే కాడకే తెల్లటి గుడ్ల పట్టీ చుట్టి ఉంది. పక్కనే పసుపు స్పంజిక. దాని ఒంటి మీద అక్కడక్కడా ఒండ్రు పేరుకుంది గానీ, నీళ్లు బయటికొచ్చే రంధ్రాల అంచులు మాత్రం కడిగినట్టున్నాయి. టార్చి పక్కనుంచి వేస్తే ఆ రంధ్రాల మీదుగా నలుసులు పైకి ఎగరడం కనిపిస్తుంది. 1820ల్లో జంతుశాస్త్రజ్ఞుడు రాబర్ట్ గ్రాంట్ ఎడిన్‌బరోలో సముద్రపు నీళ్లు పోసిన గాజుపాత్రలో స్పంజికనుంచి ఈ ధారనే మైక్రోస్కోపు కింద చూశాడు. స్పంజిక మొక్కా జంతువా అని పండితులు ఇంకా వాదించుకుంటున్న కాలమది. ఆ తర్వాత కొద్దికాలానికే కుర్ర డార్విన్ ఆయన వెంట తీరంలో జీవుల్ని ఏరాడు.

ఇంతకీ ఆ పసుపు పొర పేరేమిటి? హాలికాండ్రియా కావచ్చు. కానీ అది అలలు కొట్టే చోట పల్చగా పరుచుకుంటుంది, నెమ్మది నీళ్లలో గొట్టాలు లేపుతుంది. వెలుతురుంటే లోపలి శైవలాల వల్ల ఆకుపచ్చగా, చీకట్లో పసుపుగా ఉంటుంది. రూపాన్ని నమ్మి పేరు పెట్టలేం. చిన్న ముక్కని బ్లీచ్‌లో కరిగిస్తే మిగిలే గాజు కంటకాల్ని మైక్రోస్కోపులో చూస్తేనే తేలుతుంది. అందుకే పలక మీద పేరు రాయను. రంగు, మందం, రంధ్రాలు ఎక్కడున్నాయి, అది ఎంత మేర పరుచుకుంది అనేవే రాస్తాను. పేరు లేని నమోదు దండగ అని కొందరు మిత్రులంటారు. నేను ఒప్పుకోను. ఊహించి పెట్టిన పేరుని తర్వాత ఎవరూ సరిదిద్దలేరు. చూసింది చూసినట్టు రాస్తే, యాభై ఏళ్ల తర్వాత కూడా తెలిసినవాళ్లు దాంట్లోంచి ఏదో ఒకటి రాబట్టగలరు.

1996 ఫిబ్రవరిలో ఈ నదీముఖం బయటే సీ ఎంప్రెస్ అనే చమురు నౌక రాళ్లకి తగులుకుంది. సుమారు 72,000 టన్నుల ముడిచమురు సముద్రం పాలైంది. అలాంటప్పుడు పక్షుల్ని లెక్కపెట్టడానికి మనుషులుంటారు. నీటి అడుగున ఏ రాయి మీద ఏముండేదో ముందే రాసిపెట్టి ఉండకపోతే ఏం పోయిందో చెప్పే దారే లేదు.

అలా రాసిపెట్టేటప్పుడు లోతు పక్కనే గంట, నిమిషం కూడా రాయాలి. పెద్ద పోటు రోజుల్లో ఇక్కడ నీటిమట్టం ఆరు మీటర్లకు పైగా మారుతుంది. సమయం లేని లోతుతో మళ్లీ అదే రాయిని పట్టుకోవడం కష్టం. నెల సంగతీ అంతే. వసంతంలో గుబురుగా లేచే హైడ్రాయిడ్లలో చాలావాటికి వేసవి గడిచేసరికి మోళ్లే మిగులుతాయి. సెప్టెంబరులో ఒక్కసారి దిగి చూసి ఆ రాయి మీద ఏమీ లేదని రాయడం అన్యాయం. మా క్లబ్బు ఏప్రిల్‌లోనూ ఒక పడవ వేయాలని అందుకే పోరుతున్నాను.