గాలివార్తల్లో వేడి ఒక్కటే నిజం

రాబోయే ప్రాసెసర్ల మీద గాలివార్తలు మళ్లీ ఊపందుకున్నాయి. ఇంటెల్ నోవా లేక్‌లో 52 కోర్లుంటాయట. ఏఎండీ జెన్ 6 వస్తే ఒక్కో చిప్లెట్‌లో ఎనిమిదికి బదులు పన్నెండు కోర్లు పడతాయట. క్లాక్ స్పీడు ఏడు గిగాహెర్ట్జ్ దగ్గరికి వెళ్లినా ఆశ్చర్యం లేదట. ఈ వారం ఇలాంటి కథనాలు చదువుతుంటే చిరాకు తెప్పించింది ఆ అంకెలు వచ్చిన వరుస. కోర్లు, క్లాకు, క్యాషె అన్నీ అయిపోయాక, చిట్టచివర, కరెంటు ఎంత తాగుతుంది, ఆ వేడి ఎక్కడికి పోతుంది అన్నదానికి ఒక్క వాక్యం. కొన్నింటిలో అదీ లేదు. ఉగాది నాడు పంచాంగం చదివే సిద్ధాంతి కూడా ఆదాయంతో పాటు వ్యయమూ చెప్పి లేస్తాడు. వీళ్లు ఆదాయం దగ్గరే పుస్తకం మూసేస్తున్నారు.

ఈ కాలమ్ పాత పాఠకులకు నా పాట తెలిసిందే: అమ్మకానికి రాని చిప్పు గురించి ఎవరేం చెప్పినా చెత్తబుట్టలో వెయ్యండి. సాక్ష్యాల కోసం దూరం వెళ్లనక్కర్లేదు. 2024లో జెన్ 5 రాకముందు, కోర్‌కు కోర్ పోల్చి చూస్తే 40 శాతం వేగం పెరుగుతుందని ప్రచారం సాగింది. చివరికి ఏఎండీ తనంతట తాను వేదిక మీద చెప్పుకున్న సగటు 16 శాతం. ఆటల్లో అదీ కనబడలేదు. అదే ఏడాది అక్టోబరులో ఇంటెల్ ఆరో లేక్ వచ్చింది. పేరు మార్చారు, సాకెట్ మార్చారు, హైపర్‌థ్రెడింగ్ తీసేశారు, కోర్లున్న ముక్కను టీఎస్‌ఎంసీ దగ్గర చేయించారు. తీరా చూస్తే చాలా ఆటల్లో అది తన ముందు తరం కంటే వెనకబడింది. వేగం జోస్యాలు నమ్మినవాళ్లకు పోయేది ముందుగా డబ్బు కాదు, కాలం. సికింద్రాబాద్‌లో కంప్యూటర్లమ్మే సీటీసీలో కౌంటర్ దాకా వెళ్లి ‘కొత్తది వస్తోందిగా, ఆగుదాం’ అని వెనక్కి తిరిగే కుర్రాళ్లు ఏటా ఉంటారు. వచ్చే ఏడాది ఇంకో కొత్తది వస్తుంది. వాళ్లు ఇంకా పాత లాప్‌టాప్ మీదే ఉంటారు.

అయితే ఈ పాటకు అడ్డం తిరిగే సంవత్సరం ఒకటుంది, 2004. పెంటియమ్ 4 రోజులు గుర్తున్నవాళ్లకు ఆనాటి గిగాహెర్ట్జ్ పిచ్చి కూడా గుర్తుండే ఉంటుంది. 2000లో ఆ చిప్పు వచ్చినప్పుడు దాని నిర్మాణం పది గిగాహెర్ట్జ్ దాకా వెళ్లగలదని ఇంటెల్ ధీమాగా చెప్పింది. అదే కంపెనీలో సాంకేతిక వ్యవహారాలు చూసే పాట్ గెల్సింగర్ 2001లో ఇంజినీర్ల సభలో వేరే మాట చెప్పాడు: ఇదే దారిలో పోతే చదరపు సెంటీమీటరుకు చిప్పు వెలువరించే వేడి అణు రియాక్టర్‌ను, ఆ తర్వాత రాకెట్ నాజిల్‌ను, చివరికి సూర్యుడి ఉపరితలాన్ని అందుకుంటుందని. 2004 ఫిబ్రవరిలో 90 నానోమీటర్ల ప్రెస్కాట్ వచ్చింది. ట్రాన్సిస్టర్లు చిన్నవైతే ఒక్కోటి తాగే కరెంటూ ఆ మేరకు తగ్గాలి. 1974లో ఐబీఎం ఇంజినీరు రాబర్ట్ డెనార్డ్ రాసిపెట్టిన లెక్క అది, అప్పటిదాకా తప్పలేదు. ప్రెస్కాట్ దగ్గరికొచ్చేసరికి ట్రాన్సిస్టర్‌ను ఆపేసినా కరెంటు కారుతూనే ఉంది. ముందున్న నార్త్‌వుడ్ కంటే వేడి పెరిగింది, అదే క్లాకు దగ్గర వేగం మాత్రం పెరగలేదు. తర్వాత రావాల్సిన టెజాస్‌ను మే నెలలో రద్దు చేశారు. నాలుగు గిగాహెర్ట్జ్ పెంటియమ్‌ను అక్టోబరులో రద్దు చేశారు. ఆ నెలలోనే ఓర్లాండోలో జరిగిన ఒక సభలో ఇంటెల్ అధిపతి క్రెయిగ్ బారెట్ వేదిక మీద మోకాళ్ల మీద కూర్చుని క్షమించమని అడిగాడు. పదికి చేరాల్సిన క్లాకు 3.8 దగ్గర నిలిచిపోయింది.

ఇంతవరకు నా పాటకు బలమే. కానీ అదే కాలంలో కూలింగ్ వైపు ఏం జరిగిందో చూడండి. 2003లోనే ఇంటెల్ బీటీఎక్స్ అనే కొత్త నమూనాను పరిశ్రమ ముందు పెట్టింది. ముందువైపు నుంచి లాగిన చల్లగాలి నేరుగా ప్రాసెసర్ మీదికే పోయేలా మదర్‌బోర్డు మీది భాగాల చోట్లన్నీ మార్చేసింది. క్యాబినెట్లు చేసేవాళ్లను, బోర్డులు చేసేవాళ్లను అందర్నీ ఒక్కసారి కదిపే పని అది. ఏ కంపెనీ అయినా సరదాకి అంత పని పెట్టుకోదు. స్లైడ్లు చూసినవాళ్లకు పది గిగాహెర్ట్జ్ కనబడింది, బీటీఎక్స్ చూసినవాళ్లకు ముంచుకొస్తున్న వేడి కనబడింది. యాపిల్‌లోనూ అంతే. 2003 జూన్‌లో పవర్ మ్యాక్ జీ5 చూపిస్తూ, ఏడాదిలో మూడు గిగాహెర్ట్జ్ ఇస్తామని స్టీవ్ జాబ్స్ మాటిచ్చాడు. ఏడాది తిరిగాక వచ్చింది 2.5, దానికి తోడు లిక్విడ్ కూలింగ్. మాట తప్పాడని అందరూ రాశారు. 2.5 గిగాహెర్ట్జ్‌కే పంపు పెట్టి ద్రవం తిప్పాల్సి వచ్చిందన్నదే అందులో అసలు వార్త. ఇంకో ఏడాదికి, 2005 జూన్‌లో, వాట్‌కు ఎంత పని అన్న లెక్క చూపించి జాబ్స్ ఐబీఎం చిప్పులు వదిలి ఇంటెల్ వైపు వెళ్లాడు. ఇంటెల్ కూడా అప్పటికి తన పాత దారి వదిలేసింది. 2006 జూలైలో వచ్చిన కోర్ 2 డ్యూయో 65 వాట్లతో, మూడు గిగాహెర్ట్జ్ కూడా లేకుండా, 115 వాట్ల పెంటియమ్‌లను మట్టి కరిపించింది. బీటీఎక్స్‌తో పని తీరిపోయి, ఆ ఏడాదే దాన్ని పక్కన పెట్టేశారు.

ఒకే కాలంలో రెండు కంపెనీలు వేగం గురించి చెప్పినవి తప్పాయి, వేడి కోసం చేసుకున్న ఏర్పాట్లు నిజం చెప్పాయి. దీనికి కారణం చిప్పు తయారయ్యే తీరులోనే ఉంది. క్లాకు ఎంత ఇవ్వాలన్నది ఆఖర్న తేలుతుంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన సిలికాన్ ఎంత నాణ్యంగా ఉంది, పోటీదారు ఏం తెచ్చాడు, ధర ఎంత పెట్టాలి, ఇవన్నీ చూసుకుని విడుదల ముందు కూడా మార్చుకోవచ్చు. వాట్లు అలా కాదు. సాకెట్‌కు ఎన్ని పిన్నులు, బోర్డు మీద కరెంటు అందించే భాగాలు ఎంత భారం మోయాలి, కూలర్ ఎంత ఉండాలి అన్నవి తయారీదారులకు చాలా ముందుగా చెప్పాలి. చెప్పాక మార్చడం కష్టం. ఆ కాగితాల నుంచి జారిన వార్తకు అందుకే బరువెక్కువ. ఏఎం5 సాకెట్ చిప్పుల టీడీపీ (పార్టీ కాదు, కూలర్ ఎంత వేడి మోయాలో చెప్పే అంకె) 170 వాట్ల దాకా వెళ్తుందని 2021లోనే పొక్కింది. 2022 మేలో ఆ సాకెట్‌ను చూపించినప్పుడు ఏఎండీ 170 వాట్లే దాని గరిష్ఠమంది. కొద్ది రోజులకే సవరించుకుని, 170 అన్నది టీడీపీ అనీ, సాకెట్ 230 వాట్ల దాకా ఇవ్వగలదనీ చెప్పింది. కంపెనీ తడబడినచోట ఏడాది నాటి లీకు నిలబడింది. కాబట్టి చెత్తబుట్టలోకి వెళ్లాల్సినవి అన్ని లీకులూ కాదు.

వేడి గురించిన వార్తల్లో మాత్రం అతి ఉండదా అని అడగవచ్చు. ఉంటుంది. ఇంటెల్ 13900కె అధికారికంగా 253 వాట్ల చిప్పు. బోర్డు మీద హద్దులు తీసేసి వదిలితే 300 దాటిపోతుంది. ఏ హద్దు పెట్టి కొలిచారో చెప్పకుండా పెద్ద అంకెను శీర్షికలోకి ఎక్కించడం మామూలే. అయినా ఆ అతిలో కూడా సమాచారం ఉంటుంది, ఎందుకంటే హద్దు తీసేసిన చిప్పులు నిజంగానే అమ్ముడవుతాయి, జనం ఇళ్లలో నిజంగానే నడుస్తాయి. ఇంటెల్ 13, 14 తరాల చిప్పులు ఎందుకు కూలిపోతున్నాయో 2024లో ఆ కంపెనీయే విచారించుకుంది. అవసరానికి మించిన వోల్టేజీ దెబ్బతీస్తోందని తేల్చి, మైక్రోకోడ్ సవరణలు ఇచ్చి, వారంటీ రెండేళ్లు పెంచింది. ఇక్కడి సూత్రం చిన్నదే. చిప్పు తాగే కరెంటు క్లాకుతో పాటు పెరుగుతుంది, వోల్టేజీకైతే దాని వర్గం చొప్పున పెరుగుతుంది. క్లాకు పైకి జరపాలంటే వోల్టేజీ పెంచక తప్పదు. అంచెలు పైకి పోయేకొద్దీ వాట్లు దండిగా ఖర్చవుతాయి, దక్కేది చిటికెడు. 65 వాట్ల రైజెన్ 9700ఎక్స్‌కు ఏఎండీ తర్వాత 105 వాట్ల అవకాశం కూడా ఇచ్చింది. ఆటల్లో తేడా దాదాపు శూన్యం. 170 వాట్ల 7950ఎక్స్‌ను 65 వాట్ల మోడ్‌లో పెట్టినా మూడొంతుల కంటే ఎక్కువ పనే చేస్తుంది.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది: కూలింగ్ కూడా ముందుకు పోతోంది కదా, వేడి ఎంతైతేనేం? తైపేలో జరిగే కంప్యూటెక్స్ ప్రదర్శనలో కూలర్ల కంపెనీ నోక్టువా పంపు లేని థర్మోసైఫన్ నమూనా చూపించింది. చిప్పు మీద ద్రవం మరిగి, ఆవిరి పైనున్న రేడియేటర్‌లోకి వెళ్లి, చల్లబడి తనంతట తానే కిందికి దిగుతుంది. అందమైన ఆలోచన, పాడవడానికి పంపు లేదు. అంతకుముందు 2020లో ఇంటెల్ పెల్టియర్ పలకలతో క్రయో కూలింగ్ అని ఒకటి తెచ్చింది. చల్లబరచడానికే అదనంగా కరెంటు తాగే ఆ పద్ధతి మూడేళ్లకే మూలపడింది. ఇక మామూలు గాలి కూలర్లంటారా, 2014 నాటి నోక్టువా ఎన్‌హెచ్-డీ15కూ, పదేళ్లకు వచ్చిన దాని రెండో తరానికీ తేడా కొద్ది డిగ్రీలే. ఇరుకు ఉన్నది రెక్కల దగ్గర కాదు. జెన్ 4లో ఎనిమిది కోర్లు ఇమిడిన ముక్క వైశాల్యం డెబ్బై చదరపు మిల్లీమీటర్ల చుట్టుపక్కల. ఆ చిన్న చోటు నుంచి, పైనున్న లోహపు మూత దాటి వేడి బయటికి రావడమే కష్టం. వచ్చాక దాన్ని ఊదెయ్యడం తేలిక. పైగా రాబోయే రోజులు ఇంకా ఇరుకు. ఇంటెల్ 18ఏ, టీఎస్‌ఎంసీ ఏ16 పద్ధతుల్లో కరెంటు తీగలను చిప్పు వెనకవైపు నుంచి వేస్తున్నారు. కరెంటు సరఫరాకు అది మేలు. కానీ ట్రాన్సిస్టర్ల పొర రెండు తీగల దొంతరల మధ్య ఇరుక్కుంటుంది, వేడిని పక్కలకు పంచే సిలికాన్ పలచబడుతుంది. కొత్త కూలర్ వచ్చి కాపాడుతుందన్న ఆశ ఇక్కడ పనిచెయ్యదు.

అదనపు క్యాషెతో వచ్చే ఏఎండీ ఎక్స్3డీ చిప్పుల మాటేమిటి అంటారు. నిజమే, 7800ఎక్స్3డీ ఆటల్లో వంద వాట్లు కూడా తాగకుండా, అంతకు రెండింతలు తాగే చిప్పులను ఓడించింది. అంటే వాట్లు చూసి వేగం చెప్పలేం. నేనూ ఆ మాట అనడం లేదు. అయితే ఆ కుటుంబం కథ కూడా వేడి కథే. 2022లో 5800ఎక్స్3డీ వచ్చినప్పుడు ఆ క్యాషెను కోర్లున్న ముక్క మీద దుప్పటిలా కప్పారు. కింద కోర్లు ఉక్కిరిబిక్కిరయ్యాయి, క్లాకు తగ్గించి ఓవర్‌క్లాకింగ్‌కు తాళం వేశారు. 2024 నవంబరులో 9800ఎక్స్3డీకి వచ్చేసరికి క్యాషెను కోర్ల కిందికి మార్చారు. కోర్లు కూలర్‌కు దగ్గరయ్యాయి, క్లాకు పెరిగింది, తాళం తీశారు. ‘క్యాషె కిందికి పోతోందట’ అన్న చిన్న లీకు, ఆ నెలల్లో తిరిగిన శాతాల లెక్కలన్నింటికంటే ఎక్కువ చెప్పింది.

మన దగ్గర ఈ లెక్కకు ఇంకో అంకె కలపాలి. విదేశీ సమీక్షల్లో చిప్పు ఉష్ణోగ్రతలు కొలిచే గది సాధారణంగా ఇరవై రెండు డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. ఏ కూలర్ అయినా చిప్పును గది కంటే ఎన్ని డిగ్రీల పైన ఆపగలదో అంతవరకే దాని శక్తి. 200 వాట్ల చిప్పును గది కంటే 60 డిగ్రీల పైన ఆపే కూలర్ అక్కడ 82 చూపిస్తుంది. మే నెల మధ్యాహ్నం రామగుండంలోనో విజయవాడలోనో, ఏసీ లేని 38 డిగ్రీల గదిలో అదే కూలర్, అదే చిప్పు 98 దగ్గర ఉండాలి. 95 దగ్గర హద్దున్న చిప్పు అక్కడిదాకా పోదు, తనే వేగం తగ్గించుకుంటుంది. డబ్బులిచ్చి కొన్న ఆఖరి మెగాహెర్ట్జ్‌లు వేసవి మూడు నెలలూ ఉండవన్నమాట. లిక్విడ్ కూలర్ పెట్టినా వేడి మాయమవదు, క్యాబినెట్ నుంచి గదిలోకి వస్తుంది, ఏసీ ఉంటే దాని బిల్లులోకి పోతుంది. ఇళ్లలో కనిపించే 600 వీఏ యూపీఎస్ మోయగలిగేది 360 వాట్ల వరకే. 250 వాట్ల ప్రాసెసర్‌కు ఓ గ్రాఫిక్స్ కార్డు, మానిటరు తోడైతే కరెంటు పోయిన క్షణంలో అదీ చేతులెత్తేస్తుంది.

కాబట్టి తీర్పు ఇది. కోర్ల లీకును సరదాకి చదవండి, క్లాకు లీకును చదవకండి, వాట్ల లీకును రెండుసార్లు చదవండి, అందులో బేస్ పవర్ ఏది, గరిష్ఠం ఏది, హద్దు పెట్టి కొలిచారా తీసేశారా అని చూడండి. కొత్త చిప్పు కోసం పని ఆపుకుని కూర్చోకండి. ముందుగా డబ్బు పెట్టదగిన భాగం ఒకటుంటే అది మంచి గాలి కూలర్. ఏఎం4 కూలర్లు చాలావరకు ఏఎం5కు సరిపోయాయి, ఆ సాకెట్‌కు 2027 దాటేవరకు చిప్పులిస్తామని ఏఎండీ చెప్పింది కూడా. ఇక ‘ఏ ప్రాసెసర్ కొనమంటారు’ అని ఉత్తరాలు రాసే పాఠకులకు ఒక విన్నపం: బడ్జెట్‌తో పాటు ఊరి పేరు, గదిలో ఏసీ ఉందో లేదో కూడా రాయండి. అవి లేకుండా జవాబివ్వడం కుదరదు.