బాగ్దాదు స్వేచ్ఛా స్మారకం

ఇరాకీ శిల్పి జవాద్ సలీం మిత్రులతో కలిసి 1951లో నెలకొల్పిన బాగ్దాదు ఆధునిక కళాబృందం, యూరపు నవ్యరీతులను 13వ శతాబ్దపు అల్ వాసితీ చిత్రసంప్రదాయంతో కలపజూచింది. 1958 విప్లవానంతరం స్మారక నిర్మాణాన్ని ప్రభుత్వమే ఆయనకు అప్పగించింది. అసలు చిక్కు ఇక్కడే: పాలకుని సొమ్ముతో పనిచేసే కళాకారుడు ఎవరి పక్షం? సలీం జవాబు శిల్పంలోనే ఉన్నది. 50 మీటర్ల ఫలకంపై 14 కంచు శిల్పసమూహాలు అరబ్బీ లిపివలె కుడినుండి ఎడమకు సాగుతాయి. బిడ్డను కోల్పోయిన తల్లి, చెర ఊచలు ఛేదించే సైనికుడు, రైతులు కనిపిస్తారు. అధినేత ఖాసిం ప్రతిమ మాత్రం లేదు. కొన్ని ఆకృతులలో పికాసో ఛాయ కాస్త ఎక్కువే, అది వేరే మాట. 1961 జనవరిలో, ఆవిష్కరణకు ముందే, సలీం మరణించాడు. 1963లో ఖాసిం హతుడయ్యాడు. తరువాతి ప్రభుత్వాలకు ఆ ఫలకంపై చెరిపివేయవలసిన ముఖమేదీ దొరకలేదు. 2019లో ఉద్యోగాలడుగుతూ ప్రభుత్వాన్ని ధిక్కరించిన యువకులు గుమికూడినది దాని క్రిందనే.