ముందుచక్రపు వణుకు – నిదానము

చదునైన రోడ్డుపై 70 కిలోమీటర్ల వేగమున పోవుచున్న మోటారు సైకిలు, యాక్సిలరేటరు వదలినంతనే వేగము తగ్గుచు 60కి దిగి 50కి చేరువగుచుండగా, గతుకుగాని ఎదురుగాలిగాని కారణముగా కానరాకున్నను, హ్యాండిలు తనంత తాను కుడియెడమలకు సన్నగా ఆడనారంభించి, చేతిపట్టు సడలినచో విజృంభించి, పట్టు బిగించినచో అణగి, వేగము ఇంకను తగ్గగానే ఏమియు ఎరుగనట్లు మాయమగుట బండి నడుపువారిలో అనేకులకు అనుభవమే. "హ్యాండిల్ కొట్టుకుంటోంది" అని ఒకరు, "ముందు చక్రం ఊగుతోంది" అని మరొకరు షెడ్డుకు వచ్చి మొరపెట్టుకొందురు. మెకానిక్కులు దానినే వాబ్లింగ్ అందురు. స్వల్పముగా ఉన్నంతకాలము అది విసుగు మాత్రమే. కాని అదే వణుకు వేగమున పోవునపుడు ఒక గుంటచే రెచ్చగొట్టబడినచో, హ్యాండిలు ఈ కొననుండి ఆ కొనకు కొట్టుకొని, బలిష్ఠుని చేతులనుండి సైతము తప్పించుకొని, మనిషిని నేలకు విసరివేయగలదు. కనుక దాని మూలమును పట్టుకొను నేర్పును నేను కేవలము మరమ్మతు పనిగా భావింపజాలను. అది ప్రాణరక్షణకు సంబంధించిన విద్య.

1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డు సంస్థ ఏర్పడి బుల్లెట్టు బండ్లను మన దేశముననే కూర్ప మొదలిడినది. 1961లో మైసూరునుండి జావా బండ్లు రాసాగినవి. ఆ యిరువది ముప్పది సంవత్సరములలో ఊరూర రోడ్డువారగా వెలసిన షెడ్లయందు, కొలత పరికరములు లేక, కంపెనీ పుస్తకములు చేతికందక, పానాలు, సుత్తి, సుద్దముక్క, పురికొస, గ్రీజుడబ్బా మాత్రమే ఆస్తిగా గల మేస్త్రీలు ఈ నిదాన విధానమును తమ చేతివ్రేళ్ళతో నిర్మించుకొనిరి; హైదరాబాదు గల్లీలలో ఉస్తాదు తన చిన్నవానికి, కోస్తా పట్టణములలో మేస్త్రీ తన హెల్పరుకు దానిని నోటిమాటగా, చేతినేర్పుగా అందించుచు వచ్చిరి. గ్రంథస్థము కాకపోయినను అందులో క్రమము కలదు, తర్కము కలదు. ఆ తర్కము శాస్త్రజ్ఞుల సిద్ధాంతముతో ఎంతగా సరిపోలునో చూచినకొలది నాకు ఆ పనివారిపై గౌరవము హెచ్చుచున్నది.

ముందుగా ఆ సిద్ధాంతమును రెండు మాటలలో చెప్పవలెను. హ్యాండిలు, ఫోర్కు, చక్రము అను మూడును కలిసి చాసిస్ మెడలోని ఒకే ఇరుసుపై తిరుగును. ఆ ఇరుసు నిటారుగా నుండక వెనుకకు వాలియుండును. దాని రేఖను క్రిందికి పొడిగించినచో, టైరు నేలను తాకు స్థలమునకు సుమారు 10 సెంటీమీటర్లు ముందుగా అది నేలను చేరును. ఈ స్వల్పాంతరము వలననే పక్కకు తిరిగిన చక్రము తిరిగి ఋజుమార్గమునకు రాజూచును. అయితే అట్లు వచ్చు చక్రమునకు బరువున్నది, ఊపున్నది. అది మధ్యలో ఆగక ఆవలి వైపునకు దాటిపోవును, మరల వెనుకకు మరలును. కనుక ఊగు స్వభావము ప్రతి మోటారు సైకిలునందును నిర్మాణసిద్ధముగనే కలదు. ఆరోగ్యవంతమైన బండిలో ఆ ఊపు ఒకటి రెండు కదలికలలో చచ్చిపోవును, రోగగ్రస్తమైన బండిలో చావక నిలుచును. బ్రిటిషు శాస్త్రజ్ఞుడు రాబిన్ షార్ప్ 1971లో గణితముచే ఈ ఊపులను వేరుపరచి చూపెను: ముందు భాగము మాత్రమే సెకనుకు నాలుగు మొదలు పది పర్యాయముల వరకు కొట్టుకొనుట ఒకటి; బండి యావత్తును సెకనుకు రెండు మొదలు నాలుగు పర్యాయములు పామువలె మెలికలు తిరుగుచు పోవుట మరొకటి. మెడలోను ఫోర్కులోను గల స్వల్పమైన వంగుబాటు సహితము మొదటి రకపు వణుకు ఏ వేగమున తలయెత్తునో నిర్ణయించుటలో ముఖ్యపాత్ర వహించునని 1980 నాటి పరిశోధనలో తేలినది. కావున నిదానము చేయువాడు వేయవలసిన ప్రశ్న "ఊపు ఎక్కడినుండి వచ్చినది?" అనునది మాత్రమే కాదు, "సహజముగా చావవలసిన ఊపును చావనీయకున్నది ఏది?" అనునది అంతకంటె ముఖ్యము.

మంచి మేస్త్రీ పానా పట్టుటకు ముందు నోరు విప్పును. "ఎంత స్పీడ్‌లో వస్తుంది సార్? రెండు చేతులూ గట్టిగా పట్టుకున్నా వస్తుందా, వదులుగా పట్టుకుంటేనే వస్తుందా? వెనక మనిషి ఉన్నప్పుడా, ఒక్కరే ఉన్నప్పుడా? ఈమధ్య టైరు మార్చారా? ఎక్కడైనా పడిందా?" ఈ ప్రశ్నలలో ఒకటియు వ్యర్థము కాదు. మధ్యమ వేగమున, అందును వేగము తగ్గుచుండగా, చేతులు సడలినపుడు మాత్రమే వచ్చు వేగవంతమైన వణుకు ముందు టైరునో, రిమ్మునో, కోన్ సెట్టునో (మెడలో హ్యాండిలు తిరుగుటకు అమర్చిన కప్పులు, కోన్లు, గోళీలు) వ్రేలెత్తి చూపును. 90 దాటిన పిమ్మట బండి మొత్తము నెమ్మదిగా ఊగుచున్నచో దృష్టి వెనుకకు మరలవలెను. వెనుక మనిషి కూర్చుండినపుడే వచ్చినచో టైరు గాలియు షాకబ్జర్లును మొదట గుర్తుకు రావలెను. సగము రోగము ఈ సంభాషణలోనే దొరకునని నా నమ్మకము. ప్రశ్నింపకయే కోన్ సెట్టు మార్చుటకు పూనుకొను షెడ్డునుండి బండిని వెనుకకు తెచ్చుకొనుటయే మేలు.

తరువాత పరీక్ష. బండిని సెంటర్ స్టాండుపై నిలిపి, ఇంజను క్రింద చెక్కదిమ్మ పెట్టి, ముందు చక్రము నేలను తాకకుండ లేపుదురు. మేస్త్రీ చక్రమునకు ఎదురుగా గొంతుకూర్చుండి, కుడిచేత ఫోర్కు అడుగుభాగమును పట్టుకొని ముందునకు వెనుకకు నెట్టుచు లాగుచుండును. అదే సమయమున ఎడమచేతి చూపుడువ్రేలిని మెడవద్ద, క్రింది కప్పు చాసిస్‌ను కలియు సందుపై ఆనించియుంచును. ఆ వ్రేలే ఇచ్చట కొలత పరికరము. సందులో "టక్" మని కదలిక వ్రేలికి తగిలినచో కోన్ సెట్టు వదులైనది. ఫోర్కు అడుగున కదలికయుండి వ్రేలిక్రింద ఏమియు లేకపోయినచో అరిగినది ఫోర్కులోని బుష్షులు. ఈ రెండింటిని వేరుచేయలేనివాడు ఒకదాని తప్పునకు మరొకదానిని మార్చి, యజమాని డబ్బును వృథా చేయును.

అటు పిమ్మట హ్యాండిలును ఒక్క వ్రేలితో, అత్యంత మృదువుగా, ఈ చివరనుండి ఆ చివరకు త్రిప్పుదురు. సరిగ్గా మధ్యకు వచ్చునప్పటికి ఏదో గాడిలో పడినట్లు క్షణకాలమాగి, పిదప కదలినచో, గోళీలు కప్పులలో గుంటలు చేసినవని అర్థము. రోజంతయు ఋజుమార్గముననే పోవు బండిలో ప్రతి గతుకు దెబ్బయు ఆ కొద్ది స్థలములపైననే పడును గనుక గుంటలు అచ్చటనే ఏర్పడును. దీనికి బిగింపు ఔషధము కాదు. గోళీలను మాత్రమే మార్చుటయు చాలదు, క్రొత్త గోళీలు పాత గుంటలలోనికే పోయి కూర్చుండును. పైక్రింది కప్పులు, కోన్లు, గోళీలు అన్నియు ఒక్కసారి మారవలెను.

చక్రము సంగతి ఇంకను రుచికరమైనది. టైరును రెండు చేతులతో పైన క్రింద పట్టి ఊపినపుడు హబ్బువద్ద కదలికయున్నచో బేరింగు పోయినది. కదలిక లేకున్నచో చక్రమును వేగముగా త్రిప్పి, ఫోర్కుకు చేయి ఆనించి, సుద్దముక్కను రిమ్ముకు వెండ్రుకవాసి దూరమున నిలుపుదురు. రిమ్ములో బెండు ఉన్నచోట మాత్రమే సుద్ద అంటుకొని తెల్లని గీత పడును. ఆ గీత పొడవే బెండు వ్యాప్తి. 2 మిల్లీమీటర్లకు మించిన బెండును కంపెనీ పుస్తకములు సాధారణముగా అంగీకరింపవు. అప్పుడు స్పోకులను ఒక్కొక్కటిగా చిన్న పానాతో తట్టుచు పోవుదురు. బిగువుగా నున్నది ఖంగుమనును. వదులైనది మూగగా చప్పుడు చేయును. ఆ వరుసలో ఒక్క మూగ స్పోకు వినబడినంతనే చెవి దానిని పట్టుకొనును. పిదప రిమ్ము ఎడమకు వాలియున్నచోట కుడివైపు స్పోకుల నిప్పిళ్ళను పావు చుట్టు బిగించుచు, ఎడమవైపువానిని అంతే సడలించుచు, మరల త్రిప్పి, మరల సుద్దపెట్టి, తొందరపడక సరిచేయుదురు. ఒక్కసారిగా రెండు చుట్లు బిగించువానికి రిమ్ము పక్కకు సరియైనను గుండ్రదనము చెడును. ఈ పనిలో నిష్ణాతుడైన మనిషిని చూచుట నాకు గొప్ప ఆనందము. చక్రము ఒక దోషమునుండి విముక్తమగుచుండుట కంటికి ప్రత్యక్షముగా కనబడును.

టైరు విషయమున కన్ను చాలును. టైరు పక్కగోడపై రిమ్మును ఆనుకొని చుట్టును పోవు సన్నని గీత ఒకచోట రిమ్ములోనికి దిగి మరొకచోట పైకి లేచియున్నచో టైరు సరిగా కూర్చుండలేదు. పంక్చరు వేసినవాడు తొందరపడినాడు. గాలి పూర్తిగా తీసి, సబ్బునీరు పూసి, తిరిగి నింపినచో సాధారణముగా సర్దుకొనును. నడిమిభాగము బల్లపరుపుగా అరిగిన టైరును, అలలవలె ఎగుడుదిగుడుగా అరిగిన టైరును మార్చుటయే మార్గము. గాలి తక్కువైనను వణుకు రావచ్చును. గాలిని సరిచూచు ఖర్చులేని ఈ పరీక్షను మొదటనే చేయకపోవుట అవివేకము.

ముందుచక్రపు ఫిర్యాదుకు మూలము వెనుకనుండుట అరుదు కాదు. వెనుక చక్రమును పట్టి పక్కలకు లాగినపుడు, ఆ చక్రమును మోయు స్వింగార్మ్ బుష్షువద్ద కదలిక తెలియవచ్చును. చెయిను బిగించినపుడు రెండు అడ్జస్టర్లను సమానముగా జరుపకపోయినచో వెనుక చక్రము ఒక దిక్కునకు, ముందు చక్రము వేరొక దిక్కునకు చూచును. దానిని కనుగొనుటకు వెనుక టైరు ఇరుపక్కలకు పురికొస ఆనించి ముందు చక్రము వరకు సాగలాగి, రెండు వైపుల సందును పోల్చిచూతురు. పాలక్యానులు, బియ్యపు మూటలు వెనుక ఇరుసుకంటె వెనుకగా, ఎత్తుగా కట్టినపుడు ముందు చక్రముపై భారము తగ్గి బండి తేలికగా ఊగుటకు సిద్ధపడును. ఆ బండిలో ఏ భాగమును దోషి కాదు. మూట స్థానమును మార్చినచో చాలును.

ఇచ్చట ఒక దురాచారమును గూర్చి గట్టిగా చెప్పక తప్పదు. వణుకు అనగానే కోన్ నట్టును బలముగా బిగించి పంపు షెడ్లు కలవు. ఆ బిగింపుతో ఘర్షణ పెరిగి వణుకు అణగును, యజమాని సంతసించును. కాని బిగుసుకొన్న మెడ, చక్రము తనంత తాను చేసికొనవలసిన సూక్ష్మమైన సర్దుబాట్లను చేయనీయదు. తత్ఫలితముగా నెమ్మదివేగమున బండి త్రాగినవానివలె పక్కలకు తూలును, అధికవేగమున రెండవ రకపు మెలికల ఊపు తలయెత్తును, కప్పులు క్రొత్తవైనను వానిలో త్వరలో గుంటలు పడును. పాత ఇంగ్లీషు బండ్లలో హ్యాండిలు నడుమనుండు డ్యాంపరు మరను ఎల్లప్పుడు బిగించియుంచుటయు ఇట్టిదే. రోగమును దాచునది చికిత్స కాదు. సరియైన బిగింపును మేస్త్రీలు ఇట్లు తేల్చుదురు: వదులు పోవువరకు బిగించి, ఆపై స్వల్పముగా సడలించి, మధ్యనుండి వ్రేలితో తట్టినపుడు హ్యాండిలు తన బరువుతోనే చివరివరకు వాలిపోవలెను. పై నట్టు బిగించినపుడు ఈ సర్దుబాటు మారును గనుక దానిని బిగించిన తరువాత ఇంకొకమారు చూడవలెను.

ఒక పర్యాయము ఒక మార్పు మాత్రమే చేసి, ప్రతి మార్పు తరువాత బండిని నడిపి చూచుట ఈ విద్యలోని ప్రధాన నియమము. టైరు, స్పోకులు, కోన్ సెట్టు ఒకే పూటలో మార్చినచో వణుకు పోవచ్చును, కాని ఏది దోషియో ఎవరికిని తెలియదు. అది మరల వచ్చినపుడు విచారణ మొదటినుండి ఆరంభింపవలసియుండును. నడిపి చూచునపుడు సైతము చేతులు పూర్తిగా వదలరు. అరచేతులను పట్టుపై తేలికగా ఆనించి, వాహనములు లేని రోడ్డుపై వేగమును తనంత తాను దిగనిచ్చుదురు. వణుకు విజృంభించినచో ముందు బ్రేకును ఒడిసిపట్టరాదు, మోచేతులను కర్రలవలె బిగింపరాదు. ట్యాంకును మోకాళ్ళతో ఒత్తిపట్టి, ఛాతీని ముందునకు వంచి, యాక్సిలరేటరును మెల్లగా వదలుచు వేగమును దింపవలెను.

క్రొత్త కోన్ సెట్టు వేసిన బండి విషయమున ఇంకొక పని మిగిలియుండును. కప్పులు తమ స్థానములలో పూర్తిగా కూర్చుండినపుడు కొంత వదులు తిరిగి ఏర్పడుట సహజము. అందుచేత మేస్త్రీ డబ్బు పుచ్చుకొని తాళము చేతికిచ్చుచు, "కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక ఒకసారి తీసుకురండి సార్, మళ్ళీ చూసి బిగిస్తాను, దానికి డబ్బులేమీ వద్దు" అని చెప్పి పంపును.